దేవునికి అప్పగించేయ్ అంటారు సరే, రేపు పొద్దున నేనేం చేయాలి?

తార్నాక_తల్లి

అందరికీ వందనాలు. ఇక్కడ ఎక్కువ చదువుతాను, తక్కువ రాస్తాను. ఈసారి అడగక తప్పడం లేదు.

మా ఆయన దోహాలో ఉంటారు. బాబు చిన్నప్పటి నుంచి ఇల్లు, స్కూలు, లోను, అత్తయ్య మందులు అన్నీ నా చేతి మీదుగానే నడిచాయి. ఏ నెలలో ఏ ఖర్చు వస్తుందో ముందే రాసి పెట్టుకునే మనిషిని. అలా రాసుకోకపోయి ఉంటే మా ఇల్లు ఇక్కడిదాకా వచ్చేది కాదు.

బాబు ఎంపీసీ అయిపోయింది. ఎప్‌సెట్‌లో ర్యాంకు గొప్పదీ కాదు, తీసిపారేసేదీ కాదు. వెతుక్కుంటే ఏదో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సీటు వస్తుంది. వాడేమో మాసాబ్ ట్యాంక్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ అనే ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్‌ఏ, అంటే బొమ్మలు, చిత్రకళ డిగ్రీ చేస్తానంటున్నాడు. ఆ ఎంట్రన్స్ సరదాకి రాస్తానంటే సరే అన్నాను. ఇప్పుడు అది సరదా కాదని తెలుస్తోంది.

ఇంజినీరింగ్ వెబ్ ఆప్షన్ల లాగిన్ నా దగ్గరే ఉంది. ఓటీపీ నా ఫోన్‌కే వస్తుంది. వాడు పడుకున్నాక కూర్చుని, నాకు నచ్చిన వరసలో కాలేజీలన్నీ పెట్టేసి ఫ్రీజ్ చేయగలను. చేయలేదు. ఇంకా.

స్త్రీల కూటంలో ప్రార్థన అంశంగా చెబితే అందరిదీ ఒకటే మాట: "దేవునికి అప్పగించేయ్ సిస్టర్, నువ్వెందుకు టెన్షన్ పడతావు?" నిజం చెప్పాలంటే కోపం వచ్చింది. అప్పగిస్తే ఈఎంఐ ఎవరు కడతారు? అప్పగించడమంటే ఆప్షన్లు పెట్టకుండా ఊరుకోవడమా? వాడు అడిగిందల్లా ఇచ్చేయడమా? నాకు మంచిదనిపించింది చేసేసి, ఫలితం దేవునిది అనడమా? "నీ మార్గమును యెహోవాకు అప్పగింపుము" అన్న కీర్తన నాకు కంఠతా వచ్చు. రేపు పొద్దున లేచి ఏం చేయాలో మాత్రం తెలియడం లేదు.

దయచేసి వట్టి వచనాలు పంపకండి. అవి వాట్సాప్‌లో బోలెడు వస్తున్నాయి.

సూటిగా

సిస్టర్, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. మీరు దేవుణ్ని కాదు, మీ లెక్కల పుస్తకాన్ని నమ్ముతున్నారు. "నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక" అని సామెతలు 3:5లో ఉందా లేదా? లాగిన్ మూసేయండి. ఉపవాసం పట్టండి. దేవుడే మాట్లాడతాడు.

బెంచ్‌మీద_ఉన్నా

అన్నా, ఆమె వచనాలు వద్దని దండం పెట్టి అడిగింది. మీరు రెండు ముక్కలు రాసి మూడోదే వచనం పెట్టారు.

అక్కా, నాదీ ఇంచుమించు ఇదే గొడవ, కాకపోతే పిల్లల గురించి కాదు. గచ్చిబౌలిలో పనిచేసేవాణ్ని. మా ప్రాజెక్టు పోయింది, కొన్నాళ్లు పనేమీ ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెట్టారు, తర్వాత మొత్తానికే పంపించేశారు. మా ఇంట్లో అందరూ సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) చర్చివాళ్లు. 1947లో సీఎస్‌ఐ ఏర్పడక ముందు మా వైపు చర్చిలు వెస్లియన్ మెథడిస్టులవి. జాన్ వెస్లీ 1755లో లండన్‌లో మొదలుపెట్టిన నిబంధన (దేవునితో ఒడంబడిక) ఆరాధన ఒకటి ఉంది, మెథడిస్టు సంప్రదాయంలో కొత్త సంవత్సరం వేళ చేస్తారు. అందులో ప్రార్థన ఎలా సాగుతుందంటే, నేనిక నా సొత్తు కాను, నన్ను నీకిష్టమైన పనిలో పెట్టు, నీ కోసం వాడుకో, లేదా నీ కోసం పక్కన పెట్టు అని.

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ "వాడుకో" అన్న ముక్క మీదే నా దృష్టి. "పక్కన పెట్టు" అనేది కూడా అదే వాక్యంలో ఉందని ఈ ఏడు కనబడింది. అందరితో కలిసి నోరు కదిపాను గానీ గొంతు రాలేదు. అప్పగించడంలో కష్టమైన భాగం అదే అని నా అభిప్రాయం. పని చేస్తూ దేవునిది అనడం తేలికే. అవసరం లేనివాడిగా మిగిలిపోతే అది కూడా ఆయన చేతిలోదే అనడానికి మనసు రాదు. ఇన్నేళ్లూ అన్నీ మీ చేతి మీదుగా నడిచాయన్నారు కదా. మీ అబ్బాయి మీ చేయి వదిలించుకుంటుంటే మీకు అనిపించేది కూడా ఇదేనేమో. తప్పయితే తిట్టండి.

తార్నాక_తల్లి

తిట్టను తమ్ముడూ. ఆ కోణం నాకు తట్టలేదు. ఆలోచించాలి.

లాలాపేట_మాస్టారు

అమ్మా, వట్టి వచనాలు వద్దన్నారు కాబట్టి ఇద్దరు తల్లుల సంగతి చెబుతాను. సండే స్కూల్లో ముసలివాణ్నయ్యాను, కథలు తప్ప ఇంకో విద్య రాదు.

మొదటావిడ రిబ్కా. కవలలు కడుపులో ఉండగానే, పెద్దవాడు చిన్నవాడికి దాసుడవుతాడని దేవుడే ఆమెకు చెప్పాడు. అంటే దేవుని చిత్తం ఏమిటో ఆ ఇంట్లో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చిక్కంతా అక్కడే వచ్చింది. తెలిసింది కాబట్టి తానే జరిపించాలనుకుంది. చూపు ఆనని భర్త చిన్నవాణ్నే పెద్దవాడనుకునేలా నమ్మించడానికి వంట తానే చేసింది, పెద్దకొడుకు బట్టలు చిన్నవాడికి తొడిగింది, మేకపిల్లల చర్మం వాడి చేతులకు కట్టింది. పట్టుబడితే శాపం వస్తుందని వాడు భయపడితే, ఆ శాపం నా మీదికి రానీ అంది. కొడుకు కోసం శాపం కూడా మోస్తానంటోందంటే ఆమె ప్రేమను ఎవరు శంకిస్తారు?

అనుకున్నది అయింది. తండ్రి ఆశీర్వాదం చిన్నవాడు యాకోబుకే దక్కింది. పెద్దవాడు ఏశావు వాణ్ని చంపుతానన్నాడు. కొన్నాళ్లు మా అన్న లాబాను దగ్గర ఉండి రా నాయనా అని పంపింది. ఆ కొన్నాళ్లు ఇరవై ఏళ్లయ్యాయి. యాకోబు తిరిగి తండ్రి దగ్గరికి వచ్చాడని ఆదికాండంలో ఉంది. తల్లిని మళ్లీ చూశాడని ఎక్కడా లేదు.

రెండో ఆవిడ మోషే తల్లి యొకెబెదు. మగబిడ్డ పుడితే నదిలో వేయమని ఫరో ఆజ్ఞ. మూడు నెలలు దాచింది. ఇక దాచడం చేతకానప్పుడు జమ్ము పెట్టె తెచ్చి, నీళ్లు లోపలికి రాకుండా జిగటమన్ను, కీలు (తారులాంటిది) పూసింది. నడి ఏట్లో వదల్లేదు, ఒడ్డున జమ్ములో పెట్టింది. ఏం జరుగుతుందో చూడమన్నట్టు బిడ్డ అక్క దూరంగా నిలబడి ఉంది. ఇంత జాగ్రత్తపడ్డ మనిషికి విశ్వాసం లేదంటామా? హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయంలో విశ్వాసవీరుల వరసలో మోషే తల్లిదండ్రులూ ఉన్నారు. కీలు పూసినందుకు ఆ వరసలోంచి ఎవరూ తీసేయలేదు.

ఆమె చేయనిది ఒక్కటే ఉంది. ఆ పెట్టెను ఎవరు తెరవాలో ఆమె నిర్ణయించలేదు. చంపమన్నవాడి కూతురే వచ్చి తెరవాలని ఏ తల్లయినా కోరుకుంటుందా? దేవుడు ఆ దారినే బిడ్డను బతికించాడు, పైగా పాలిచ్చినందుకు కన్నతల్లికి జీతం కూడా ఇప్పించాడు. (దేవుని హాస్యం ఇలాంటి చోటే నాకు కనిపిస్తుంది.)

కాబట్టి అమ్మా, మీ లెక్కల పుస్తకాన్ని పారేయక్కర్లేదు. ఈఎంఐ కట్టండి. రెండు కోర్సుల ఫీజులూ కనుక్కోండి. ఆ బీఎఫ్‌ఏ తర్వాత ఏం పనులు దొరుకుతాయో నలుగురిని అడగండి. మీ భయాలేమిటో అబ్బాయికి మొహం మీదే చెప్పండి. అదంతా కీలు పూయడమే. వాడు పడుకున్నాక ఆప్షన్లు ఫ్రీజ్ చేయడం మాత్రం మేకచర్మం కట్టడం.

రెండోబెంచి

నేను బీటెక్ సెకండియర్. పెద్దల మధ్య మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోకండి.

ఆంటీ, పిల్లల వైపు నుంచి ఒక మాట. మా అమ్మ కూడా "నిన్ను దేవుని చేతిలో పెట్టేశాను" అంటుంది. అన్నాక లొకేషన్ చూస్తుంది. హాస్టల్ నుంచి చాయ్ తాగడానికి బయటికెళ్తే ఫోన్. ఆవిడ ప్రార్థన కూడా నాకు వినబడేలా చేస్తుంది: "ప్రభువా, వీడికి మంచి బుద్ధి ఇవ్వు" అని. అది దేవునితో మాట్లాడుతున్నట్టు ఉండదు, దేవుణ్ని అడ్డం పెట్టుకుని నాతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అప్పటి నుంచి కుటుంబ ప్రార్థనకి కూర్చోవాలంటేనే ఇబ్బంది.

మీరు బాబుకి ఏం చెప్పినా మామూలుగా అమ్మలాగా చెప్పండి. "డబ్బులు సరిపోవురా, భయంగా ఉందిరా" అంటే మేం వింటాం. "దేవుని చిత్తం ఇంజినీరింగే" అంటే ఇక మేం మాట్లాడేది ఏముంటుంది?

డ్యూటీ_సిస్టర్

ఈ పిల్లాడి మాటలు మా ఇంట్లో ప్రింటు తీసి అంటించాలి.

నేను నర్సుని. అసలు విషయానికి కాస్త పక్కకి వెళ్తున్నా, చెప్పకుండా ఉండలేను. "లాగిన్ మూసేసి ఉపవాసం పట్టండి" అన్నది చదివి భయమేసింది. అప్పగించడమంటే మానేయడం అనుకుని మా వార్డుకి వచ్చేవాళ్లు ఉంటారు. స్వస్థత కూటంలో చేతులెత్తి, ఇంటికొచ్చి ఇన్సులిన్ ఆపేస్తారు. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్ ఆపితే రక్తంలో ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. టీబీకి మామూలుగా కనీసం ఆరు నెలలు మందులు వాడాలి. దగ్గు తగ్గింది, దేవుడు ముట్టాడు అని మధ్యలో ఆపితే క్రిములు ఆ మందులకి లొంగకుండా తయారవుతాయి. అప్పుడు ఇంట్లో పసిపిల్లలకి కూడా అదే మొండి టీబీ అంటుకోవచ్చు.

హిజ్కియా రాజు మరణకరమైన జబ్బుతో ఉన్నప్పుడు ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు విన్నాడు, ఇంకా పదిహేనేళ్లు ఇస్తానన్నాడు. మాట ఇచ్చేశాక కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. నాకు ఆ ముద్ద చాలా ఇష్టం. దేవుడు బాగుచేస్తానన్న తర్వాత కూడా కట్టు కట్టేవాళ్ల అవసరం ఉంది.

అక్కా, షుగరో బీపీయో ఉంటే ఉపవాసం ముందు మీ డాక్టరుని అడగండి.

సూటిగా

నేను మందులు మానమని ఎక్కడా అనలేదు. నా మాటల్ని సాగదీయకండి.

మా సంఘంలో ఒక దైవజనుడు ఉన్నారు. పిల్లల చదువు విషయంలో ప్రార్థించి, ఏ కాలేజీయో దేవుడు చూపించింది స్పష్టంగా చెబుతారు. చాలామంది వెళ్తారు. సిస్టర్‌కి కావాలంటే నంబరు ఇస్తాను: [తొలగించబడింది]

నిర్వాహకుడు

ఫోన్ నంబరు తీసేశాను. ఏ పాస్టర్ గారి పేరూ, నంబరూ ఇక్కడ పెట్టొద్దు. చర్చ బాగా నడుస్తోంది, అలాగే నడవనివ్వండి.

బెంచ్‌మీద_ఉన్నా

నంబరు పోయింది గానీ విషయం పోలేదు కాబట్టి అంటున్నా. దేవునికి అప్పగించడానికీ, దేవుడు నాతో చెప్పాడనే మనిషికి అప్పగించడానికీ మధ్య చాలా దూరం ఉంది. బెరయ ఊరివాళ్లు సాక్షాత్తు అపొస్తలుడు పౌలు చెప్పిందే లేఖనాలతో సరిచూసుకున్నారు, అందుకు లూకా వాళ్లని ఘనులని మెచ్చుకున్నాడు. ఎవరో చెప్పిన కాలేజీలో చేర్పించడమంటే నిర్ణయం బరువు తప్పించుకోవడం. రేపు తేడా వస్తే నిందించడానికి ఒక మనిషి దొరుకుతాడు, అంతే. డిసెంబరు 31 రాత్రి చర్చిలో కొత్త ఏటికి దేవుని మాట అని తీసే వాగ్దానం కార్డుని కూడా కొంతమంది ఇలాగే వాడతారు. కార్డు నచ్చకపోతే పక్కింటివాళ్ల చర్చికెళ్లి ఇంకోటి తీసినవాళ్లు నాకు తెలుసు.

డ్యూటీ_సిస్టర్

మా అత్తగారు! అచ్చంగా!

ఒకే_రోజు

చాలా రోజులుగా ఇక్కడ ఏమీ రాయలేదు. ఈ విషయం మీద నాకు చెప్పడానికి ఉంది.

మా ఆయన తాగుతారు. పెళ్లయిన కొత్తలోనే తెలిసింది. నేను ఊరుకునే మనిషిని కాదు. సీసాలు వెతికి పారబోశాను. జీతం రోజు ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డాను. రాలేకపోతే ఆయన బదులు ఫోన్ చేసి జ్వరం అని చెప్పాను. ఎప్పుడు వస్తారో, ఎవరితో ఉన్నారో, వాసన వస్తోందో లేదో, నా బుర్ర నిండా అదే. చర్చిలో ప్రార్థించమన్నారు, ప్రార్థించాను. ఆ ప్రార్థన కూడా "ఈయన్ని మార్చు, ఈ వారంలోగా మార్చు" అనేదే. దేవునికి కూడా గడువు పెట్టాను.

ఎవరో చెబితే అల్-అనాన్ కూటానికి వెళ్లాను. తాగేవాళ్ల కోసం ఆల్కహాలిక్స్ అనానిమస్ అమెరికాలోని ఏక్రన్‌లో 1935లో మొదలైంది. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం 1951లో అల్-అనాన్ వచ్చింది. అక్కడ మొట్టమొదట చెప్పే మాటలు మూడు: ఈ తాగుడు నీ వల్ల రాలేదు, నీ అదుపులో ఉండదు, నువ్వు నయం చేయలేవు. మొదటిది విని ఏడ్చాను. రెండోది విని కోపం వచ్చింది. ఇన్నేళ్లు నేను చేసిందంతా మరి ఏమిటి?

వాళ్ల పన్నెండు మెట్లలో మూడోది, మన ఇష్టాన్నీ బతుకునీ దేవుని సంరక్షణకి అప్పగించాలని నిర్ణయించుకోవడం. దానికి ముందు ఇంకో రెండు మెట్లున్నాయి. అందులో మొదటిది నాకు శక్తి లేదని ఒప్పుకోవడం. మన చర్చిల్లో చాలామంది సరాసరి మూడో మెట్టు ఎక్కమంటారు. "అప్పగించేయ్ సిస్టర్" అని. ఏది నా చేతిలో లేదో ఒప్పుకోకుండా దేన్ని అప్పగించాలి?

ఆయన మానేశారని సాక్ష్యం చెప్పడానికి రాయడం లేదు. కొన్నాళ్లు మానతారు, మళ్లీ మొదలుపెడతారు. నేను మాత్రం ఆఫీసుకి అబద్ధం ఫోన్లు చేయను. సీసాలు వెతకను. రాత్రి భోజనం చేసి పిల్లలతో పడుకుంటాను. ఏటీఎం కార్డు మాత్రం నా దగ్గరే ఉంటుంది. దాన్ని పెత్తనం అంటే అనండి, పిల్లల ఫీజు అందులో ఉంది.

ఇంకొకటి, ఇది చదివే ఆడవాళ్ల కోసం. చేయి చేసుకుంటుంటే దాన్ని దేవుని చిత్తమని భరించకండి. 181 మహిళా హెల్ప్‌లైన్. రాత్రయినా ఎత్తుతారు.

తార్నాక_తల్లి

అక్కా, మీ కష్టం ముందు నాది ఏపాటిది. "దేవునికి కూడా గడువు పెట్టాను" అన్నచోట ఆగిపోయాను. నేనూ ప్రతి రాత్రి "ఆప్షన్ల ఆఖరి తేదీలోపు వాడి మనసు మార్చు" అనే అడుగుతున్నాను.

మాస్టారూ, మేకచర్మం గుచ్చుకుంది. కానీ ఒకటి అడగాలి. నాకేది కావాలో దేవుణ్ని అడగడం కూడా తప్పేనా? కోరిక లేకుండా ఉండటం నావల్ల కాదు.

లాలాపేట_మాస్టారు

కోరిక లేకుండా ఉండమని ఎవరన్నారమ్మా? సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు మొదట ఏమడిగాడు? ఈ గిన్నె, అంటే రాబోయే బాధ, నా నుంచి తొలగించమన్నాడు. అదీ ఒక్కసారి కాదు, మత్తయి లెక్కన మూడుసార్లు. "నా యిష్టముకాదు, నీ చిత్తమే" అన్న మాట ఆ తర్వాత వస్తుంది. తన ఇష్టం ఏమిటో స్పష్టంగా చెప్పినవాడే అది పక్కన పెట్టగలిగాడు. మనం రెండో వాక్యాన్ని గోడకు తగిలించుకుని మొదటి వాక్యాన్ని మింగేస్తాం. అబ్బాయి ఇంజినీరు కావాలని ఉంటే అలాగే అడగండి. గట్టిగానే అడగండి. కాకపోతే రెండో బెంచి పిల్లవాడు చెప్పినట్టు, అబ్బాయికి వినబడకుండా.

గన్‌ఫౌండ్రీ_పావురం

మేం కతోలికులం, గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసఫ్స్ కెథడ్రల్‌కి వెళ్తాం. ఇక్కడ ఎక్కువమంది వేరే సంఘాలవాళ్లు అయినా ఒకాయన్ని గుర్తుచేయాలి.

పునీత ఇగ్నేషియస్ లొయోలా మొదట సైనికుడు. 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. అతుక్కున్న ఎముక వంకరగా పొడుచుకొచ్చింది. అప్పటి మేజోళ్లు, బూట్లు వేసుకుంటే అందంగా ఉండదని, మత్తుమందు లేని ఆ రోజుల్లో ఆ ఎముకని కోయించుకున్నాడు. తన రూపం మీద కూడా అంత పట్టు! అదే మనిషి తర్వాత రాసిన ధ్యాన సాధనల చివర ఒక ప్రార్థన ఉంది. ప్రభువా, నా స్వేచ్ఛ, నా జ్ఞాపకం, నా బుద్ధి, నా చిత్తం అన్నీ తీసుకో, నీ ప్రేమ, నీ కృప ఇస్తే నాకు చాలు అని.

ఇది ఆ సాధనల మొదట్లో రాదు. నెల రోజుల ధ్యానం చివరి భాగంలో వస్తుంది. అక్కయ్యని వారంలో తేల్చుకోమనడం ఎందుకు?

తోమా_తమ్ముడు

వారంలో తేల్చుకోవాలి ఎందుకంటే ఆప్షన్లకి ఆఖరి తేదీ ఉంది కాబట్టి. ఇగ్నేషియస్ గారికి కౌన్సెలింగ్ లేదు.

నవ్వులాటకి అన్నాను. అసలు సందేహం వేరే. ఎవరూ అడగలేదు కాబట్టి నేనడుగుతా. అక్క అప్పగించింది అనుకుందాం. అబ్బాయి బీఎఫ్‌ఏలో చేరాడు. నాలుగేళ్ల తర్వాత పని దొరకలేదు. అప్పుడేమంటారు? లేదా ఇంజినీరింగ్‌లో చేరి బ్యాక్‌లాగులతో కుంగిపోయాడు. అప్పుడేమంటారు? మన సాక్ష్యాల కూటాల్లో నేను గమనించింది ఇది: "నేను వదిలేశాను, దేవుడు అంతకంటే మంచిది ఇచ్చాడు." వీసా వచ్చాక చెబుతారు, సీటు వచ్చాక చెబుతారు. సీటు రానివాడికి మైకు ఇచ్చిన సంఘం నేను చూడలేదు. అలాంటప్పుడు అప్పగించడం కూడా ఒక ఎత్తుగడే కదా? కావాలని పట్టుకుంటే రాదు, వద్దని వదిలేస్తే వస్తుంది అనే లెక్క. అది కూడా దేవుణ్ని మన దారికి తెచ్చుకోవడమే. ఇంకొంచెం తెలివిగా.

బెంచ్‌మీద_ఉన్నా

తమ్ముడూ, ఈ మొత్తం చర్చలో ఇదే అసలు ప్రశ్న.

నాకు తెలిసినంతలో చెబుతా. పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధను తీసేయమని దేవుణ్ని మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. ముల్లు ఏమిటో కూడా చెప్పలేదు, పోయిందని కూడా చెప్పలేదు. ఆ సంగతి కొరింథువాళ్లకి ఉత్తరంలో రాసేనాటికి అది ఉన్నట్టే లెక్క. ఆయన తన సాక్ష్యం ముల్లు ఉండగానే చెప్పాడు.

నాకింకా ఉద్యోగం రాలేదు. ఇంటర్వ్యూలకి వెళ్తూనే ఉన్నా. వచ్చాక ఇక్కడ పెద్ద సాక్ష్యం రాస్తానని ఒకప్పుడు అనుకున్నా. నీ మాట చదివాక ఇప్పుడే రాయాలనిపించి రాస్తున్నా. అప్పగించినందువల్ల ఏదో మెరుగైన ఆఫర్ వస్తుందని నాకు ఎవరూ హామీ ఇవ్వలేదు. రాత్రిళ్లు నిద్ర పడుతోంది. పొద్దున మా నాన్నని కంటి ఆసుపత్రికి తీసుకెళ్తున్నా, ఇంతకుముందు అది మా చెల్లి చేసేది. ఇంతే నా దగ్గర ఉన్నది.

సూటిగా

అందరూ నన్ను ఏకేశారు, సరే. ఒక్క మాట చెప్పి ఊరుకుంటా.

మా నాన్న అన్నీ తానే నిర్ణయించిన మనిషి. నా చదువు, చెల్లి పెళ్లి, అమ్మ ఏ చీర కట్టాలి, అన్నీ. ఆఖరి రోజుల్లో మంచం మీద నుంచి కూడా గ్యాస్ సిలిండర్ తేదీలు చెప్పేవాడు. చేతులు వణికేవి. ఎవరి మీదా నమ్మకం లేదు, దేవుని మీద కూడా. ఆ ఇంట్లో పెరిగాను కాబట్టి ప్లాను, పుస్తకం, లెక్క అనే మాటలు వింటేనే నాకు ఊపిరాడదు. మాస్టారు చెప్పిన కీలు సంగతి నాకు కొత్త. రెండింటినీ విడదీసి చూడటం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

దైవజనుడి విషయంలో మాత్రం నా అభిప్రాయం నాదే.

లాలాపేట_మాస్టారు

ఆ అభిప్రాయం మీద మనం ఇంకో రోజు కొట్టుకుందాం బాబూ. మీ నాన్నగారి గురించి రాసినందుకు వందనాలు.

రెండోబెంచి

తోమా అన్నా, ఒక డౌట్. అబ్బాయికి పని దొరక్కపోతే అప్పుడు ఆంటీ ఏమనాలి? నువ్వు అడిగావు, ఎవరూ చెప్పలేదు.

ఒకే_రోజు

నేను చెబుతాను బాబూ. "అన్నం పెట్టాను, రా తిను" అనాలి.

తార్నాక_తల్లి

నాలుగు రోజులు ఏమీ రాయలేదు. చదువుతూనే ఉన్నాను.

నిన్న ఆదివారం ఆరాధన అయ్యాక బాబుతో ఇంటి డాబా మీద కూర్చున్నాను. దేవుని పేరు ఎత్తలేదు. పుస్తకం తెచ్చి చూపించాను. నాన్న పంపేది ఎంత, లోనుకి ఎంత పోతుంది, నానమ్మ మందులకి ఎంత, మిగిలేది ఎంత. వాడు ఇవన్నీ ఎప్పుడూ చూడలేదట. "నాకెందుకు చెప్పలేదు మమ్మీ" అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు. నాకు ఇంజినీరింగ్ ఇష్టమని, బీఎఫ్‌ఏ అంటే భయమని చెప్పాను. వాడు ఫోన్‌లో వేసిన బొమ్మలు చూపించాడు. నాకు వాటి గురించి తెలియదు. బాగున్నాయో లేదో కూడా చెప్పలేను. చాలా ఉన్నాయి.

లాగిన్ పాస్‌వర్డ్ వాడికి ఇచ్చేశాను. ఓటీపీ వస్తే అడగకుండా చెబుతానన్నాను. ఈ ముక్క రాస్తుంటే కూడా పొట్టలో తిప్పుతోంది. ఇచ్చిన గంటకే "ఏ కాలేజీ పెట్టావురా" అని అడగబోయి లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. వాడు ప్రస్తుతానికి రెండూ తెరిచి ఉంచుతానంటున్నాడు. ఇంజినీరింగ్ ఆప్షన్లు పెడతాడట, బీఎఫ్‌ఏ సీటు సంగతి కూడా చూస్తాడట. మా ఆయనకి ఫోన్‌లో చెబితే "వాడికే వదిలేశావా? నువ్వేనా మాట్లాడేది?" అన్నారు.

ప్రార్థన ఏమీ మారలేదు. ఇంజినీరింగే అడుగుతున్నాను. మాస్టారు అడగొచ్చన్నారు కదా. గడువు మాత్రం పెట్టడం లేదు. పెట్టకుండా ఉండటానికే తల ప్రాణం తోకకొస్తోంది.

ఇక కీలు పూసే పని: ఆ బీఎఫ్‌ఏ కాలేజీలో చదివినవాళ్లు, చదువుతున్నవాళ్లు మీకెవరైనా తెలుసా? ఫీజు కాక రంగులు, కాగితాలు, కంప్యూటర్ అని ఇంకెంత అవుతుంది? తార్నాక నుంచి రోజూ వెళ్లి రావడం కుదురుతుందా?

గన్‌ఫౌండ్రీ_పావురం

రావడం, పోవడం కుదురుతుంది అక్కయ్యా. తార్నాకలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి లక్డీకాపూల్‌లో దిగాలి. అక్కడి నుంచి మాసాబ్ ట్యాంక్‌కి బస్సో షేర్ ఆటోనో. పొద్దున అమీర్‌పేటలో మారేటప్పుడు మాత్రం జనం విపరీతం.

బెంచ్‌మీద_ఉన్నా

మా మేనకోడలు అక్కడే చదివి ఇప్పుడు ఒక యానిమేషన్ స్టూడియోలో చేస్తోంది. మొహమాటం లేని పిల్ల, మంచీ చెడూ రెండూ చెబుతుంది. ఖర్చుల లెక్క కూడా తనకే బాగా తెలుసు. అబ్బాయితోనే మాట్లాడిస్తే మంచిది. మీకు ప్రైవేటు మెసేజ్‌లో తన నంబరు పంపిస్తా. నిర్వాహకుడు గారూ, ఇక్కడ పెట్టడం లేదు, గమనించగలరు.